తనంతట తానే ఎక్కే ఓఎస్‌తో జాగ్రత్త, చిన్నీ

విజయవాడ, సూర్యారావుపేట

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీస్సులు.

కాలేజీ ల్యాబునంతా వర్చువల్ మెషీన్ల (వీఎంలు, అంటే ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) మీదకు మారుస్తున్నావనీ, ఒక్క ఫైలు రాసి నలభై వీఎంలకూ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) దానంతట అదే ఎక్కేట్టు చేస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంబరపడ్డానో, ఫోన్ పెట్టేశాక అంత గుబులు పట్టుకుంది. పిల్లల ప్రాజెక్టులున్న డిస్కు కూడా అదే సర్వర్లో ఉందట కదా. అందుకే మాటల్లో వదిలేయకుండా రాస్తున్నా. పని చేసేటప్పుడు పక్కన పెట్టుకో.

తేలికైనవి ముందు చెప్పేస్తా. వీఎంకి ర్యామ్ ధారాళంగా ఇవ్వు, రెండు జీబీ చాలకపోవచ్చు. నెట్‌వర్క్ మీదుగా వచ్చే ఇన్‌స్టాలర్ ముందు ర్యామ్‌లోకే దిగుతుంది, చోటు చాలకపోతే సంబంధం లేని ఎర్రర్లు చూపిస్తుంది. సీరియల్ కన్సోల్ (వీఎం చెప్పేదంతా అక్షరాలుగా చూపే కిటికీ) పెట్టుకో, లేకపోతే నల్ల తెర చూస్తూ కూర్చోవాలి. ఇన్‌స్టాలర్ ప్రశ్నలకు ముందే జవాబులు రాసి ఉంచే ఫైలు రెడ్‌హ్యాట్ లినక్స్‌లో కిక్‌స్టార్ట్, డెబియన్‌లో ప్రీసీడ్, ఉబుంటులో యామల్ పద్ధతిలో రాసే ఆటోఇన్‌స్టాల్. కిక్‌స్టార్ట్ ఫైలును కేఎస్‌వ్యాలిడేటర్‌తో, ప్రీసీడ్ ఫైలును డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్ -సి తో ముందే తనిఖీ చెయ్. యామల్‌లో ట్యాబులు కొట్టకు, స్పేసులే.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఈ పనిలో అందరికంటే పాత తప్పు, ఇప్పటికీ కొత్తవాళ్లు చేస్తూనే ఉన్న తప్పు ఒకటుంది. తనంతట తాను ఎక్కే ఓఎస్, అడ్డు పెట్టకపోతే మళ్లీ కూడా తనంతట తానే ఎక్కుతుంది. వీఎం బూట్ వరుసలో (లేచేటప్పుడు ఓఎస్ కోసం ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే క్రమంలో) నెట్‌వర్క్ ముందు, డిస్కు తర్వాత ఉందనుకో. మొదటిసారి ఇన్‌స్టాల్ చక్కగా అవుతుంది, రీబూట్ అవుతుంది, మళ్లీ నెట్‌వర్క్ నుంచి ఇన్‌స్టాలరే లేస్తుంది. ఇలా తిరుగుతూ ఉంటే వెంటనే కనిపెడతావు, దానికి భయం లేదు. భయమంతా ఇన్‌స్టాలర్ను అందించే సర్వర్ను ఆపేసి, వీఎంలు బాగానే నడుస్తున్నాయని బూట్ వరుస మార్చకుండా వదిలేసినప్పుడే. కొన్నాళ్లకు ఇంకో వీఎం కోసం ఆ సర్వర్ను మళ్లీ లేపుతావు. రోహిణి కార్తెలో మీ గుంటూరు కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా? యూపీఎస్ చేతులెత్తేస్తుంది, కరెంటు వచ్చాక హోస్టు (వీఎంలున్న సర్వర్) లేస్తుంది, ఆటోస్టార్ట్ పెట్టిన వీఎంలన్నీ వరసగా లేస్తాయి, లేచినవి లేచినట్టు నెట్‌వర్క్‌లో ఇన్‌స్టాలర్ను పట్టుకుంటాయి. నీ కిక్‌స్టార్ట్‌లో క్లియర్‌పార్ట్ --ఆల్ అని ఉంటే, ఆ వీఎంకు తగిలించిన డిస్కులన్నిటి పార్టిషన్లూ తుడిచిపెట్టుకుపోతాయి. ఎవరినీ ఏమీ అడగదు. అడగకుండా చేయమనే కదా నువ్వు రాసింది.

సీడీలు మారుస్తూ ఒక్కో మిషన్ ముందు కూర్చున్న రోజుల్లో తప్పు చేస్తే ఒక్క మిషనే పోయేది. ఇప్పుడు ఒక్క లైను నలభైకీ వర్తిస్తుంది తల్లీ.

కాబట్టి నాలుగు అడ్డుకట్టలు పెట్టు, ఒక్కటీ వదలకు. బూట్ వరుసలో డిస్కే ముందు ఉండాలి. ఖాళీ డిస్కులో ఏమీ దొరక్క అదే నెట్‌వర్క్‌కి వెళ్తుంది. పీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ నుంచి బూట్ చేసే పద్ధతి) మెనూలో డిఫాల్ట్ ఎప్పుడూ లోకల్ బూట్. ఇన్‌స్టాల్ కావలసిన వీఎంకి దాని మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) పేరుతో విడి ఫైలు పెట్టి, పని కాగానే తీసెయ్. ఈ నెట్‌వర్క్ ఇన్‌స్టాళ్లను నడిపే కాబ్లర్ వాడితే పీఎక్స్‌ఈ-జస్ట్-వన్స్ (ఒక్కసారే నెట్‌వర్క్ నుంచి ఎక్కించే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూడు. ఇన్‌స్టాల్ చివర రీబూట్ బదులు పవరాఫ్ రాయి; ఆగిపోయిన వీఎంను నువ్వు చూసి, నీ చేత్తో లేపాలి. అన్నిటికంటే ముఖ్యం, డేటా డిస్కును ఇన్‌స్టాల్ అయ్యేదాకా వీఎంకు తగిలించకు.

"నేను ఎస్‌డీఏ అని పేరు రాశాగా మామయ్యా" అంటావు. డిస్కుకు లినక్స్ పెట్టే ఆ పేరు నమ్మకు. వీఎంల కోసమే ఉన్న వర్టియో రకం డిస్కు అయితే వీడీఏ అవుతుంది, రెండు డిస్కులుంటే ఏది ఏ అవుతుందో, ఏది బీ అవుతుందో హామీ లేదు. వీఎంలను నడిపే లిబ్‌విర్ట్ సెట్టింగుల ఎక్స్ఎంఎల్ ఫైల్లో డిస్కుకు 20 అక్షరాల లోపు సీరియల్ ఇవ్వు. అప్పుడది డిస్క్ బై-ఐడీ కింద వర్టియో- అనే ముందుమాటతో కనిపిస్తుంది, కిక్‌స్టార్ట్‌లోని ఇగ్నోర్‌డిస్క్ --ఓన్లీ-యూజ్‌లో ఆ పేరే రాయి. ఉబుంటు 20.04 నుంచి వచ్చిన ఆటోఇన్‌స్టాల్‌లో ఇంకో గొయ్యి ఉంది: స్టోరేజ్ లేఅవుట్ పేరొక్కటే రాసి డిస్కు చెప్పకపోతే, ఉన్నవాటిలో అతి పెద్ద డిస్కును ఎంచుకుంటుంది. అతి పెద్దది ఏది? పిల్లల డేటా ఉన్నదే. మ్యాచ్ కింద ఓఎస్ ఎక్కాల్సిన డిస్కు సీరియల్ తప్పకుండా రాయి. మొదటి వీఎంకి కెర్నల్ లైన్లో (బూట్ అయ్యేటప్పుడు ఓఎస్‌కు ఇచ్చే ఆదేశాల వరుసలో) ఆటోఇన్‌స్టాల్ అనే మాట పెట్టకు. అది లేకపోతే డిస్కు మీద రాసే ముందు ఒకసారి అవునా కాదా అని అడుగుతుంది. అలా అడగడం మంచిదే.

ఆ ఆటోఇన్‌స్టాల్ ఫైలు (యూజర్-డేటా) అసలు అందకపోతే ఇన్‌స్టాలర్ మామూలుగా భాష ఏదని అడుగుతూ నిలబడుతుంది. అప్పుడు చూడాల్సినవి: గ్రబ్‌లో (ఓఎస్‌ను లేపే ప్రోగ్రాంలో) ఫైలు చిరునామా దగ్గరున్న సెమికోలన్‌ను కోట్స్‌లో పెట్టావా (లేకపోతే గ్రబ్ అక్కడికే తెంచేస్తుంది), యూఆర్ఎల్ చివర స్లాష్ ఉందా, యూజర్-డేటా పక్కన మెటా-డేటా ఫైలు ఖాళీదైనా ఉందా. అంతా ఎక్కి పాస్‌వర్డ్ మాత్రం పట్టకపోతే హ్యాష్ (ఫైల్లో పాస్‌వర్డ్ బదులు రాసే దాని గూఢరూపం) చూడు. షెల్‌లో హియర్‌డాక్‌తో (ఆదేశంలోనే ఫైలు పాఠమంతా ఇచ్చే పద్ధతితో) ఫైలు రాసి ముగింపు మాటకు కోట్స్ పెట్టకపోతే, $6$ తో మొదలయ్యే హ్యాష్‌లోని డాలర్లను షెల్ వేరియబుల్స్ అనుకుని మింగేస్తుంది.

స్టార్టప్ స్క్రిప్టు దగ్గర నీ తొందర నాకు తెలుసు. పని చేయకపోతే లాగు చదవకుండా వీఎం తీసేసి మళ్లీ మొదలుపెడతావు. మానుకో. వీఎం లేవగానే నీ స్క్రిప్టును నడిపేది క్లౌడ్-ఇనిట్; క్లౌడ్-ఇనిట్ స్టేటస్ --లాంగ్ కొట్టు, తర్వాత /వార్/లాగ్ ఫోల్డర్లో క్లౌడ్-ఇనిట్-అవుట్‌పుట్ లాగు చదువు, నీ స్క్రిప్టు ఏం వాగిందో అందులోనే ఉంటుంది. "రీబూట్ చేస్తే నా మార్పు రాలేదు" అని తల పట్టుకోకు: రన్‌సీఎండీ (క్లౌడ్-ఇనిట్‌కు రాసే ఆదేశాల జాబితా) ఒక్కో ఇన్‌స్టెన్స్-ఐడీకి (వీఎం గుర్తింపుకి) ఒక్కసారే నడుస్తుంది. ప్రతి బూట్‌కీ కావాలంటే స్క్రిప్టును పర్-బూట్ ఫోల్డర్లో పెట్టు. నోట్‌ప్యాడ్‌లో రాసిన స్క్రిప్టు లైన్ల చివర ^M ఉండి "బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్" అంటుంది, డాస్-టు-యునిక్స్ కొట్టు. నీ టెర్మినల్లో నడిచింది బూట్‌లో నడవకపోతే హోమ్, పాత్ వేరియబుల్స్ అక్కడ లేవేమో చూడు. పూర్తి పాత్‌లు రాయి. లేచీ లేవగానే అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్ (తనంతట తానే నడిచే అప్‌డేట్లు) ఏపీటీ (ప్యాకేజీలు ఎక్కించే సాధనం) లాకు పట్టుకుని కూర్చుంటుంది, డీపీకేజీ లాక్ టైమౌట్ 300 ఇస్తే నీ స్క్రిప్టు ఆగి చూస్తుంది. స్క్రిప్టును సిస్టమ్‌డీ యూనిట్‌గా (లినక్స్ సేవగా) నడిపితే, నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగడానికి నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్‌ను ఆఫ్టర్‌లోనూ వాంట్స్‌లోనూ రెండింటా రాయాలి.

ఒక వీఎం చేసి నలభై కాపీలు తీస్తావేమో. తీసే ముందు మెషీన్-ఐడీ (ఒక్కో మెషీన్ గుర్తింపు) ఫైలును ఖాళీ చెయ్, ఫైలునే తీసేయకు. లేకపోతే ఉబుంటు కాపీలకు ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఒకటే ఐపీ ఇచ్చి కూర్చుంటుంది. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) హోస్ట్ కీలు కూడా తీసెయ్.

రాత్రి పొద్దుపోయాక డిస్కుల జోలికి వెళ్లకు. అన్నం తిని పడుకో, తెల్లారి చూసుకోవచ్చు. బ్యాకప్ తీశానని కాదు, దాన్ని వేరే వీఎంలో తెరిచి చూశానని చెప్పాకే మొదలుపెట్టు. ముందు ఒక్క వీఎం, తర్వాత మూడు, ఆ తర్వాతే మిగతావి. మొదటిది ఆగిపోతే ఇన్‌స్టాలర్ లాగులు నాకు వాట్సాప్ చెయ్. తెర ఫోటో వద్దు, ఫైలే పంపు.

మీ మామయ్య