గ్లౌజుల ప్యాకెట్ల కంటే ముందు చేతులు కడిగే సింకు

గుంటూరు

అమ్మడూ,

ఆశీస్సులు. నువ్వు తెరవబోయే హోటల్ కోసం పంపిన సామాన్ల లిస్టు చూశాను. గ్రైండరు, ఇడ్లీ పాత్ర, రెండు పెనాలు, అన్నీ సరిగానే రాసుకున్నావు. గ్లౌజుల దగ్గర మాత్రం ఆగిపోయాను. వంటింట్లో అందరికీ పొద్దున్నించి రాత్రిదాకా వేయించాలా, నెలకి ఎన్ని ప్యాకెట్లు పడతాయి అని అడిగావు. కూకట్‌పల్లిలో మీ పక్క హోటల్లో అందరి చేతులకీ ఉన్నాయట. అన్నేళ్లు మెస్సు నడిపినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. అందరికీ అక్కర్లేదు. కొన్ని పనులకి మాత్రం వేసుకోక తప్పదు.

ఈసారి ఏ బిర్యానీ సెంటర్లోనైనా పార్శిల్ కట్టే కుర్రాడి చేతులు కాసేపు చూడు. గ్లౌజు వేసుకునే ఉంటాడు. దాంతోనే పార్శిల్ మూత పెడతాడు, దాంతోనే వంద నోటు తీసుకుని గల్లాపెట్టెలో వేస్తాడు, ఫోన్ మోగితే జేబులోంచి తీస్తాడు, చెమట తుడుచుకుంటాడు. మళ్లీ అదే చెయ్యి ఉల్లిపాయ ముక్కల గిన్నెలోకి వెళ్తుంది. ఉత్త చెయ్యి అయితే జిడ్డు తగిలి వాడికే చిరాకేసి కడుక్కునేవాడు. గ్లౌజులో ఆ జిడ్డు తెలియదు. కొనేవాళ్లకి కూడా గ్లౌజు కనిపిస్తే చాలు, 'ఎంత నీట్‌గా ఉందో' అనుకుంటారు. నాకు భయమేసేది ఈ నమ్మకం చూసే.

ఇంకో విచిత్రం. పాలిథీన్ గ్లౌజు పొరలు అంటుకుపోయి విచ్చుకోకపోతే నోటితో 'ఉఫ్' అని ఊది తొడుక్కుంటారు. కొందరు వేలికి ఉమ్ము తడి చేసుకుని తీస్తారు. ఇంకొందరు సాయంత్రం సబ్బుతో కడిగి తీగ మీద ఆరేసి మర్నాడు వాడతారు. ఒక్కసారి వాడి పారేసే సరుకది. కడిగితే కంటికి కనపడని చిల్లులు పడతాయి. ఇలా వాడేటట్టయితే అసలు కొనకు.

మరి ఎక్కడ కావాలంటే, ఇక మళ్లీ పొయ్యి ఎక్కని తిండిని చేత్తో తాకే చోట. దోసెపిండి రుబ్బేవాళ్లకి, కూరలు తరిగేవాళ్లకి చేతులు శుభ్రంగా కడుక్కుంటే చాలు, ఆ తర్వాత మంట మీద ఎలాగూ ఉడుకుతుంది. నిమ్మకాయ ముక్కలు, ఉల్లిపాయ, కీరా, కొత్తిమీర, ప్లేట్లో పెట్టే ఇడ్లీ, గారె, స్వీటు, వీటి సంగతి వేరు. వీటికైనా నేను మొదట పట్టుకారు, గరిట అంటాను, గ్లౌజు ఆ తర్వాతే. పట్టుకారుతో ఎవరూ ముక్కు గోక్కోరు కదా.

పులిహోర, దద్దోజనం గురించి విడిగా రాయాలి. మనవాళ్లు చేత్తో కలిపితేనే రుచి అంటారు, కాదనను. కానీ హోటల్లో పది కేజీల అన్నం బేసిన్‌లో పోసి కలిపేటప్పుడు మెతుకులు మోచేతిదాకా వస్తాయి. మణికట్టు దాకా ఉండే గ్లౌజు అక్కడ దేనికీ పనికిరాదు, లోపలికి అన్నం దూరి ఇంకా రోత. పైగా ఆ గిన్నె మధ్యాహ్నం దాకా గోరువెచ్చగా కూర్చుంటుంది. మనుషుల్లో ఇంచుమించు మూడో వంతు మంది ముక్కులో స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది, వాళ్లకి ఏ జబ్బూ కనపడదు. అది చేతి మీదుగా అన్నంలో పడి, గోరువెచ్చదనంలో పెరిగి విషం వదిలిందంటే తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. దద్దోజనం అయితే వేడి చేసేదే లేదు. కాబట్టి పెద్ద చెక్క గరిటెలు రెండు కొను, వాటితోనే కలిపించు. కొంచెం కొంచెంగా కలుపుకుంటూ అమ్ము. వేడిగా ఉండాల్సినవి 60 డిగ్రీల పైన, చల్లగా ఉండాల్సినవి 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో వదిలేస్తే ఎన్ని గ్లౌజులు వేసినా లాభం లేదు.

పచ్చి చికెన్ కడిగే మనిషికి వేసుకోమను. కానీ ఆ పని అవగానే అక్కడే తీసి చెత్తబుట్టలో వేసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తీసేటప్పుడు తిరగేసి తీస్తే నీచు చేతికంటదు. వేలు తెగితే నీళ్లు పట్టని ప్లాస్టర్ వేసి దాని మీద గ్లౌజు. చీముపట్టిన పుండు అయితే ఆ మనిషిని తిండి దగ్గరికే రానివ్వకు, గల్లా దగ్గర కూర్చోబెట్టు.

పొయ్యి దగ్గర మాత్రం వద్దే వద్దు. మూకుడు ముందు, పెనం ముందు ప్లాస్టిక్ చేతికి ఉంటే వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటుంది. దోసె మాస్టరుకి మంచి అట్లకాడ, పొడి గుడ్డ ఇవ్వు. మే నెలలో మన వంటిళ్లు ఎలా ఉంటాయో నీకు తెలుసు. రోజంతా గ్లౌజులో చెమటలో నానితే చేతులు పాచిపోయి తోలు ఊడుతుంది, ఆ పగుళ్లలో క్రిములు ఇంకా చేరతాయి.

'అమెరికాలో అందరూ వేసుకుంటారు పిన్నీ' అన్నావు కదా. మా అబ్బాయి ఉండే కాలిఫోర్నియాలోనే 2014 జనవరిలో ఇలాంటి చట్టం వచ్చింది, మళ్లీ వండకుండా తినే తిండిని ఉత్త చేతులతో ముట్టుకోకూడదని. సుషీ అనే జపాన్ వంటకం చేసేవాళ్లు, బార్లలో పనిచేసేవాళ్లు గోల పెట్టారు. చెత్త పెరుగుతుంది, చేతులు కడుక్కోవడం తగ్గిపోతుంది అన్నారు. జూన్ చివరికల్లా ఆ రూలు ఎత్తేశారు. న్యూయార్క్‌లో ఇప్పటికీ ఉంది. అయితే అక్కడ కూడా గ్లౌజే వేసుకోవాలని లేదు. పట్టుకారు, గరిట, కాగితం, ఏది అడ్డం ఉన్నా సరే.

మన దగ్గర తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెక్‌లిస్టులో ఏప్రాను, గ్లౌజు, తలకి క్యాపు 'అవసరమైన చోట' అని ఉంటుంది. 2024లో హైదరాబాద్ హోటళ్ల మీద ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ తనిఖీ దాడులు జరిగినప్పుడు క్యాపుల్లేవు, గ్లౌజుల్లేవు అని రిపోర్టుల్లో రాశారు, నువ్వూ చూసే ఉంటావు. కాబట్టి కౌంటర్ దగ్గర ఒక డబ్బా ఎప్పుడూ పెట్టుకో, ఇన్‌స్పెక్టరుతో వాదన దేనికి. కానీ అవే రిపోర్టుల్లో పనివాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు, నీళ్ల టెస్టు రిపోర్టు, పెస్ట్ కంట్రోల్ రికార్డు లేవని కూడా రాశారు. ముందు ఆ ఫైలు తయారు చేసుకో.

కొనేటప్పుడు నీలం రంగు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు గ్లౌజు కొను, పౌడర్ లేనిది. ధర ఎక్కువే. కానీ చిరిగి ముక్క పడితే కంటికి కనిపిస్తుంది. పాలిథీన్ ముక్క కొబ్బరి చట్నీలో పడితే కస్టమర్ నోట్లోనే తేలుతుంది. లేటెక్స్, అంటే చెట్టు పాలతో చేసే రబ్బరు, కొందరికి పడదు, అమెరికాలో కొన్ని రాష్ట్రాలు హోటళ్లలో దాన్ని నిషేధించాయి కూడా. నూనె, నెయ్యి తగిలే పనికి వినైల్ అనే ప్లాస్టిక్ గ్లౌజు వద్దు, దాన్ని మెత్తబరచడానికి కలిపే మందు జిడ్డులోకి దిగుతుంది. సైజులు రెండు మూడు తెప్పించు. ఆడవాళ్ల చేతికి పెద్ద సైజు ఇస్తే వేళ్ల చివర్లు వేలాడి కత్తికి దొరుకుతాయి.

అసలు ఖర్చు సింకు మీద పెట్టు. అంట్లు తోమే తొట్టి కాదు, చేతులకి మాత్రమే ఉండే సింకు. కాలితో తొక్కితే నీళ్లొచ్చే కుళాయి అయితే మరీ మంచిది. పక్కనే లిక్విడ్ సోపు, పేపర్ టిష్యూ. అందరూ తుడుచుకునే ఆ ఒక్క తువ్వాలు మాత్రం ఎక్కడా వేలాడకూడదు. సబ్బు రుద్దడం ఇరవై సెకన్లు. బాత్రూం నుంచి వచ్చాక, డబ్బు, ఫోన్, చీపురు ముట్టుకున్నాక, గ్లౌజు వేసుకునే ముందు, తీశాక. శానిటైజర్ రాసుకున్నాం కదా అంటారు, వాంతులు విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌కి అది సరిగా పనిచేయదు. గోళ్లు కత్తిరించుకోవాలి, ఉంగరాలు తీసేయాలి. మణికట్టుకి కట్టుకునే దారాల దగ్గర కొంచెం జాగ్రత్తగా మాట్లాడు. గుళ్లో కట్టించుకున్నది తీయమంటే బాధపడతారు. డ్యూటీ అయ్యేదాకా జేబులో పెట్టుకోమంటే వింటారు. రోజంతా తడిసి మురికి పట్టే గుడ్డ ముక్క అది.

ఇంకోటి, నీ జేబుకి తగిలేది. విరేచనాలు, వాంతులు అయిన మనిషి తగ్గాక కూడా రెండు రోజులు వంటింట్లోకి రాకూడదు. ఆ రెండు రోజుల జీతం కోస్తే ఎవరూ నీకు నిజం చెప్పరు, మాత్ర వేసుకుని వచ్చి నిలబడతారు. కోయకు.

గోడలకి టైల్స్ వేయకముందే ప్లంబరు రావాలి, తర్వాత అంటే మళ్లీ పగలగొట్టాలి. సింకు పార్శిల్ కౌంటర్‌కీ వంటకీ మధ్యలో ఉండేలా చూడు, మూలన పెడితే ఎవరూ వెళ్లరు. కొలతలు వేసిన కాగితం వాట్సాప్‌లో పంపు, మీ బాబాయి చూస్తానన్నారు. ఓపెనింగ్‌కి ముందురోజే వస్తాం.

మీ పిన్ని