క్యాంపర్‌లో హీటర్ వెలగకపోతే ముందు బ్యాటరీ చూడండి

పోయిన సెప్టెంబరులో బెంగళూరు మారతహళ్ళిలో మా చెల్లెలింట్లో ఉన్నాను. ఉదయం తొమ్మిదికి ఉప్మా తింటుంటే వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. కొలరాడోలో అది రాత్రి తొమ్మిదిన్నర. "పెద్దమ్మా, హీటర్ వెలగట్లేదు, పాప వణుకుతోంది" అన్నాడు. వాడు అమెరికా వెళ్ళి ఏడాదిన్నర అయింది. ఎవరో అమ్ముతుంటే పాత పాప్ అప్ క్యాంపర్ (కారు వెనక కట్టి లాక్కెళ్ళే ఇల్లులాంటి బండి) కొని, పెళ్ళాన్నీ పిల్లనీ ఎక్కించుకుని ఎస్టెస్ పార్క్ వెళ్ళాడు. ఆ ఊరు ఏడున్నర వేల అడుగుల ఎత్తున ఉంటుంది. పాప్ అప్ అంటే కింద రేకు పెట్టె, పైకి లేపితే గుడ్డ గోడలు. చలికి ఆ గుడ్డ ఏపాటి అడ్డం? మా చెల్లెలు పక్కనుంచి "ఆ ఊళ్ళో హోటళ్ళు లేవా అక్కా?" అంటోంది.

నేను డెన్వర్ దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను, ఇలాంటివి రెండు వాడాను. కొత్తగా వచ్చిన మనవాళ్ళు తరచూ ఇవే అడుగుతారు కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాణ్ణి అడిగింది ఒకటే: "ఫ్యాన్ తిరుగుతోందా?" తిరుగుతోందట, కాసేపటికి ఆగిపోతోందట. "లైట్లు ఎలా ఉన్నాయి?" "కొంచెం డల్‌గా ఉన్నాయి పెద్దమ్మా." నాకు సగం అర్థమైపోయింది.

క్యాంపర్ హీటర్ గ్యాస్‌తో మండుతుంది, నిజమే. కానీ దాన్ని వెలిగించేది 12 వోల్టుల బ్యాటరీ. థర్మోస్టాట్, అంటే ఎంత వేడి కావాలో పెట్టే మీట, పెంచగానే ముందు ఫ్యాన్ తిరుగుతుంది. ఆ గాలి ఒక చిన్న రేకును నెట్టి స్విచ్ నొక్కిస్తుంది. స్విచ్ పడితేనే గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, అప్పుడే టకటకమని నిప్పురవ్వ కొడుతుంది. గాలి ఆడకుండా మంట పుట్టకూడదని ఈ ఏర్పాటు. బ్యాటరీ నీరసపడితే ఫ్యాన్ తిరుగుతుంది గానీ రేకు లేవదు. రేకు లేవకపోతే గ్యాస్ రాదు. బయటినుంచి చూసేవాడికి మాత్రం హీటర్ పాడైనట్టే ఉంటుంది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12 దగ్గరికి వచ్చిందంటే సగం అయిపోయినట్టే. వోల్టులు కొలవడానికి ఇరవై డాలర్ల లోపు దొరికే మల్టీమీటర్ ఒకటి డబ్బాలో పడేసుకోండి.

మరి ఒక్క రోజులో బ్యాటరీ ఎందుకు దిగింది? "ఫ్రిజ్ దేని మీద పెట్టావురా?" అంటే నసిగాడు. పాప్ అప్‌లలో ఉండే చిన్న ఫ్రిజ్ చాలావరకు మూడు రకాలుగా నడుస్తుంది: కరెంటు, గ్యాస్, బ్యాటరీ. ఆ బ్యాటరీ మీట దారిలో కారు ఇంజిన్ నడుస్తున్నంతసేపే. దిగాక గ్యాస్‌కు మార్చకపోతే రాత్రికి బ్యాటరీ మొత్తం తాగేస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద గీజర్ వేస్తే ఏమవుతుందో బెంగళూరులో పెరిగినవాడికి తెలియనిదా! పెరుగు పాడవుతుందని భయపడి మధ్యాహ్నం నుంచి అలాగే ఉంచాడట.

ఫ్రిజ్‌ను గ్యాస్‌కు మార్పించి, జంపర్ కేబుళ్ళతో క్యాంపర్ బ్యాటరీకి కారు బ్యాటరీని కలిపి ఇంజిన్ నడపమన్నాను. కారు పొగ గొట్టం గుడ్డ గోడల వైపు ఉండకుండా చూసుకోమని మరీ మరీ చెప్పాను. పావుగంట తర్వాత థర్మోస్టాట్ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టమన్నాను. మూడుసార్లు ప్రయత్నించి వెలగకపోతే చాలా హీటర్లు మొరాయించి కూర్చుంటాయి, ఆపి పెడితేనే మళ్ళీ మొదలుపెడతాయి. ఫోన్‌లో భుగ్గుమన్న చప్పుడు నాకూ వినిపించింది. మా చెల్లెలు అప్పుడు తిన్నది ఉప్మా.

బ్యాటరీ బాగుండి కూడా వెలగకపోతే గ్యాస్ స్టవ్ వెలిగించి చూడండి. మంట సన్నగా వస్తుంటే సిలిండర్ వాల్వ్ ఒక్కసారిగా తిప్పి ఉంటారు. గ్యాస్ విసురుగా వస్తే ఎక్కడో లీకైందనుకుని లోపలి రక్షణ ఏర్పాటు దారి బిగించేస్తుంది. అన్నీ కట్టేసి, కాసేపు ఆగి, వాల్వ్ నెమ్మదిగా తెరవండి. స్టవ్ బాగా మండి హీటర్ మాత్రం మండకపోతే బయటి పొగ గొట్టంలో టార్చి వేసి చూడండి. కందిరీగలు వేసవంతా అందులో మట్టిగూళ్ళు కడతాయి. గూడు తీయడం వరకు మన పని. వాల్వులూ బర్నరూ విప్పడం మాత్రం మెకానిక్‌కే వదిలేయండి. ఇక్కడ డబ్బు దాచుకోవద్దు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది: హీటర్ వెలగలేదని లోపల స్టవ్ వెలిగించుకుని పడుకోకండి, బొగ్గుల కుంపటి అసలే పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పాత క్యాంపర్ కొంటే అందులోని కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక తేదీ చూసి, గడువు దాటితే కొత్తది బిగించండి. గ్యాస్ అలారం మాత్రం నేలకు దగ్గరగా ఉండాలి, సిలిండర్‌లో ఉండే ప్రొపేన్ గ్యాస్ గాలికన్నా బరువు.

మర్నాడు మళ్ళీ ఫోన్. చన్నీళ్ళు బాగానే వస్తున్నాయి, వేణ్ణీళ్ళు మాత్రం గోరువెచ్చగా ఉన్నాయి. ఇది పాత క్యాంపర్ కొన్న ప్రతివాళ్ళకూ ఎదురయ్యేదే. చలికాలంలో పైపులు గడ్డకట్టి పగలకుండా అమ్మినవాళ్ళు గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పట్టిస్తారు. అది గీజర్‌లోకి వెళ్ళకుండా పక్కదారి తెరుస్తారు. దాన్నే బైపాస్ అంటారు. వసంతంలో దాన్ని తిరిగి మార్చడం మరిచిపోతారు. గీజర్ వెనక పలక తీసి చూస్తే వాల్వుల పిడులు కనిపిస్తాయి. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. గీజర్ దారులు తెరిచి, బైపాస్ మూసి, వేడినీళ్ళ కుళాయి తిప్పి ఉంచండి. బుసబుసలు ఆగి ధార నిలకడగా వచ్చాకే గీజర్ వెలిగించండి. నీళ్ళు లేని గీజర్‌కు కరెంటు ఇస్తే కాయిల్ క్షణాల్లో కాలిపోతుంది. కారుకు పోసే ఆకుపచ్చ యాంటీఫ్రీజ్ మాత్రం ఈ పైపుల్లో పోయకండి, అది విషం.

పంపు సంగతి మన సంపు మోటారు లాంటిదే. ఆగకుండా తిరుగుతూ నీళ్ళు రాకపోతే ట్యాంకు ఖాళీ, లేదా పీల్చే వైపు ఎక్కడో గాలి పడుతోంది. ముందు ఫిల్టర్ మూత బిగించి చూడండి. కుళాయిలన్నీ కట్టేసినా అర్ధరాత్రి రెండు క్షణాలు గుర్రుమని ఆగుతుంటే ఎక్కడో కారుతున్నట్టు. క్యాంప్‌గ్రౌండ్ కుళాయికి పైపు కలిపితే మధ్యలో ప్రెషర్ రెగ్యులేటర్ తప్పనిసరి. క్యాంపర్ పైపులకు 40 నుంచి 50 పీఎస్ఐ (నీటి ఒత్తిడి కొలత) చాలు, కొన్నిచోట్ల కుళాయి అంతకు రెట్టింపు కొడుతుంది. రాత్రి సున్నా డిగ్రీల సెల్సియస్‌కు పడేలా ఉంటే ఆ పైపు ఊడదీసి ట్యాంకు నీళ్ళే వాడుకోండి. వంటనీళ్ళు, స్నానం నీళ్ళు నేలమీద వదలొద్దు, బకెట్టులో పట్టి క్యాంప్‌గ్రౌండ్‌వాళ్ళు చెప్పిన చోటే పోయండి.

గీజర్ ట్యాంకు ఇనుముదైతే లోపల యానోడ్ రాడ్ ఉంటుంది. ట్యాంకుకు బదులు తుప్పు అదే తింటుంది. అల్యూమినియం ట్యాంకుకు ఉండదు. నీళ్ళు చల్లారి, ప్రెషర్ వదిలాకే విప్పి చూడండి. ముప్పాతిక అరిగితే మార్చేయండి.

ఇది వాడికి చెబుతుంటే మా చెల్లెలు "మన గీజర్‌లో కూడా ఉంటుందా అక్కా?" అంది. సాయంత్రం ప్లంబర్‌ను పిలిపించాం. వాళ్ళ అపార్ట్‌మెంటుకు బోరు నీళ్ళే ఎక్కువ. అతను రాడ్ లాగితే సన్నటి తీగ బయటికొచ్చింది. వెనకే బకెట్టులోకి సున్నం పెచ్చులు జారిపడ్డాయి. ఎనిమిదేళ్ళుగా ఎవరూ విప్పలేదట. మా చెల్లెలు ఆ బకెట్టుకు ఫొటో తీసి కొడుక్కి పంపింది.