పాత స్టీల్ ఫ్రేమ్ మీద ఆఫీసు సైకిల్ కట్టించుకోవచ్చా?

నిస్సందేహంగా కట్టించుకోవచ్చు. నేను కట్టించుకున్న సైకిల్ మీద ఆరేళ్లుగా ఆఫీసుకు వెళ్తున్నాను. హైదరాబాద్‌లో తార్నాక నుంచి బేగంపేట, ఒకవైపు సుమారు 9 కిలోమీటర్లు. మీ దూరం కూడా దాదాపు ఇంతే అన్నారు కాబట్టి రాస్తున్నాను.

మీ ముందు మూడు దారులున్నాయి. నాన్నగారి నల్ల సైకిల్ బాగు చేయించుకోవడం, 20 వేలు పెట్టి కొత్త అల్యూమినియం హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కీ కొండదారి సైకిల్‌కీ మధ్య రకం) కొనడం, పాత స్టీల్ ఫ్రేమ్ ఒకటి దొరకబుచ్చుకుని దాని మీద కట్టించడం. నా ఓటు మూడో దానికి. రంగుకీ గేర్లకీ కాకుండా, ఎక్కువ డబ్బు చక్రాలకీ బ్రేకులకీ పెట్టండి.

ముందు నాన్నగారి సైకిల్ సంగతి. నేనూ అక్కడే మొదలుపెట్టాను. మా నాన్న నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లిన సైకిల్ అది. ఓవరాలింగ్ చేయించి నెల రోజులు తొక్కాను. ఎండాకాలం అయ్యేదాకా ఏ ఇబ్బందీ లేదు. మొదటి వాన రోజున మెట్టుగూడ దిగుడులో బ్రేకు నొక్కితే బండి ఆగలేదు. క్రోమ్ పూసిన ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు జారిపోతుంది. పైగా అవి కడ్డీ బ్రేకులు, వైరుకు బదులు ఇనుప కడ్డీతో లాగేవి. చెప్పు నేలకు రాసుకుంటూ, ముందున్న ఆటోకు జానెడు దూరంలో ఆపాను. రిమ్ము మార్చుకుందామంటే అదీ కుదరలేదు. ఆ 28 అంగుళాల చక్రానికి టైరు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఇప్పటి హైబ్రిడ్లవి 622, పాత ఎంటీబీలవి, అంటే కొండదారుల కోసం చేసిన సైకిళ్లవి, 559. అందుకే ఆ కొలతకు మంచి అల్లాయ్ రిమ్ము దొరకడం కష్టం, దొరికినా ఆ కడ్డీ బ్రేకులు దానికి సరిపోవు. ఆ సైకిల్‌ను శుభ్రం చేసి దాచుకోండి, కూరగాయలకు వెళ్లి రండి. ట్రాఫిక్‌లో రోజూ 18 కిలోమీటర్లు మాత్రం దాని మీద వద్దు.

మీరు వెతకాల్సింది ముందు ఫోర్కులో సస్పెన్షన్ లేని, 26 అంగుళాల చక్రాలు పట్టే పాత ఎంటీబీ ఫ్రేమ్. 90లలోనూ ఆ తర్వాతా కాలేజీ పిల్లలు తొక్కిన రకం. వాటిలో చాలా అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో దుమ్ము కొట్టుకుని పడున్నాయి. వెడల్పు టైరూ, దాని మీద మడ్‌గార్డూ పట్టేంత జాగా ఉంటుంది. ట్యూబూ టైరూ ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఒక్కటి తప్పకుండా చూసుకోండి. ముందు ఫోర్కుకీ, వెనక రిమ్ము దగ్గరి గొట్టాలకీ వీ-బ్రేకులు (రిమ్మును రెండు పక్కల నుంచి నొక్కేవి) బిగించే బొడిపెలు ఉండాలి. అవి లేని ఫ్రేమ్ ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. నాది బొడిపెలున్న, సీటు గొట్టం 18 అంగుళాలున్న ఫ్రేమ్, 1,800 రూపాయలకు దొరికింది. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు.

"స్టీల్ అయితే మెత్తగా పోతుంది" అని చాలామంది చెబుతారు. నా అనుభవంలో ఆ మెత్తదనంలో ఎక్కువ భాగం టైరుదే. మామూలు స్టీలయినా, క్రోమియం, మాలిబ్డినం కలిపిన క్రోమోలీ అయినా, బిగువులో దాదాపు ఒకటే. క్రోమోలీ బలం ఎక్కువ కాబట్టి గొట్టం గోడ పల్చగా చేయొచ్చు, దాంతో బరువు తగ్గుతుంది. అంతే తేడా. నాది మామూలు స్టీలే. క్యారియరూ మడ్‌గార్డులూ స్టాండూ అన్నీ కలిపి పదిహేనున్నర కిలోలు తూగింది. నేను స్టీల్ ఎంచుకోవడానికి అసలు కారణం వేరు. దాన్ని వంచొచ్చు, అతికించొచ్చు, ఆ పని చేసేవాళ్లు మన వీధి చివరే ఉంటారు.

వంచడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే భయపడి వెనక్కి తగ్గుతారు. మొదట వెనక చక్రానికి పాత ఫ్రీవీల్ హబ్బే ఉంచాను (హబ్బు అంటే చక్రం నడిమి భాగం, ఫ్రీవీల్ అంటే దానికి బిగించే పళ్లచక్రాల గుత్తి). ఏడాది తిరక్కుండా, వెనక పాతిక కిలోల బియ్యం మూట కట్టుకుని వస్తుంటే గుంతలో పడి యాక్సిల్ విరిగింది. మర పెట్టి బిగించే ఫ్రీవీల్‌లో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది, దాని బయట యాక్సిల్‌కు ఆధారం ఉండదు. బరువు పడితే అక్కడే వంగుతుంది. పళ్లచక్రాలు మర లేకుండా జారి కూర్చునే క్యాసెట్ హబ్బులో బేరింగు చివరిదాకా వస్తుంది కాబట్టి ఆ బాధ తక్కువ. సరే క్యాసెట్ వేయిద్దామంటే కొత్త హబ్బు వెడల్పు 135 మిల్లీమీటర్లు, నా ఫ్రేమ్‌లో ఉన్న జాగా 126.

మా పేటలో నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్న చాచా ఉన్నారు. ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఫ్రేమ్‌ను పక్కకు పడుకోబెట్టి, సీటు గొట్టానికి ఆనించి వెనక కాళ్ల (వెనక చక్రాన్ని పట్టే గొట్టాల) మధ్య ఒక పొడవాటి చెక్క దూర్చారు. ఒక్కో కాలునూ విడివిడిగా, కొంచెం కొంచెంగా నొక్కారు. వదిలితే స్టీల్ కాస్త వెనక్కి వస్తుంది, మళ్లీ నొక్కాలి. "ఒక్కసారి గుంజితే పాడైతది, తొందర పడొద్దు" అన్నారు. తర్వాత పురికొస తీసుకుని, వెనక యాక్సిల్ కూర్చునే ఎడమ చీలికకు ఒక కొస కట్టి, ముందు హ్యాండిల్ దూరే గొట్టం చుట్టూ తిప్పి, కుడి చీలికకు తెచ్చి కట్టారు. సీటు గొట్టానికీ ఆ దారానికీ మధ్య దూరాన్ని రెండు వైపులా స్కేలుతో కొలిచారు. ఎడమవైపు 31 మిల్లీమీటర్లు, కుడివైపు 28. అంటే కుడికాలు ఇంకా బయటికి, ఎడమకాలు కాస్త లోపలికి రావాలి. మూడోసారికి రెండు వైపులా 30 వచ్చింది. చివరికి చీలికలు రెండూ మళ్లీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండేలా సరిచేశారు. అది చేయకపోతే యాక్సిల్ మీద పక్క ఒత్తిడి పడుతుంది, గేర్లు కూడా సరిగ్గా పడవు. మొత్తం గంటన్నర పని. అల్యూమినియం ఫ్రేమ్‌తో ఈ పని ఎప్పుడూ చేయకండి, పగులుతుంది.

చక్రాలు 36 స్పోకులతో, రెండు గోడల అల్లాయ్ రిమ్ములతో అల్లించండి. టైరు 26×1.75, నడిమి భాగం నున్నగా ఉన్నది. ఎంటీబీ పళ్ల టైరు తారురోడ్డు మీద రొద చేస్తుంది, శక్తి తినేస్తుంది. ట్యూబు మాత్రం బైకు వాల్వు ఉన్నదే అడిగి తీసుకోండి. నల్ల సైకిళ్లకు వచ్చే సన్న రబ్బరు గొట్టం వాల్వు అయితే పెట్రోలు బంకులో గాలి పట్టించుకోలేరు. నేను 45, 50 పీఎస్ఐ మధ్య ఉంచుతాను.

గేర్లు ఎక్కువ ఉంటే మంచిదని మీరు అనుకుంటున్నట్టున్నారు. ముందు ఒకే పళ్లచక్రం చాలు, దానికి 38 పళ్లు. వెనక 8 గేర్ల క్యాసెట్, 11 నుంచి 32 పళ్లు. చిన్న గేరులో పెడల్ ఒక చుట్టుకు బండి రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ కదులుతుంది, మూటతో ఫ్లైఓవర్ ఎక్కడానికి అది సరిపోతుంది. పెద్ద గేరులో ఏడు మీటర్లు. ఇంతకు మించి నాకు ఎప్పుడూ అవసరం పడలేదు. ముందు డీరెయిలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చేది) లేకపోవడంతో సర్దుబాట్లు సగం తగ్గాయి.

వీ-బ్రేకులకు లీవర్లు కూడా వాటికి తగ్గవే కొనండి. పాత లీవర్లు వైరును తక్కువ లాగుతాయి, బ్రేకు సరిగ్గా పట్టదు.

ఫ్రేమ్ ఇంటికి తెచ్చాక మొదట చేయాల్సింది లోపలి తుప్పు చూడటం. సీటు గొట్టంలోంచి కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి, ఫ్రేమ్‌ను అటూ ఇటూ దొర్లించి, రెండు రోజులు తలకిందులుగా పెట్టండి. సీటు పోస్టుకు గ్రీజు రాయకుండా దూర్చవద్దు, రెండు వర్షాకాలాలు గడిస్తే ఇక ఊడిరాదు. క్రాంకు (పెడల్ బిగించే చేయి) దగ్గర నేను పాత కప్పులూ గోళీలూ తీసేసి మూసి ఉండే బేరింగు వేయించాను. పాతదే ఉంచుకుంటే ఒక్కోవైపు పావు అంగుళం గోళీలు 11 పడతాయి, ఏడాదికోసారి గ్రీజు మార్చాలి. సొంతంగా విప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఎడమ పెడల్‌కూ, క్రాంకు దగ్గర చైన్ వైపున్న కప్పుకూ మర ఎదురుగా ఉంటుంది. సవ్యదిశలో తిప్పితే ఊడుతుంది. తెలియక పైపు తగిలించి ఎదురు తిప్పి మర పాడుచేసుకున్నవాళ్లను చూశాను.

నా ఫ్రేమ్‌కు క్యారియర్ బిగించే కన్నాలు లేవు. ఇత్తడి వెల్డింగ్ చేసే ఆయన రెండు వాషర్లు వెనక చీలికల పైన అతికించారు, 150 రూపాయలు తీసుకున్నారు. మంట తగిలిన చోట పెయింట్ పోతుంది, అదే రోజు ప్రైమర్ కొట్టేయండి. మడ్‌గార్డులు పూర్తి నిడివివి వేయించండి. ముందుదానికి కింద రబ్బరు ముక్క వేలాడితే షూలు తడవవు. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగిస్తాను. మొత్తం ఖర్చు, తర్వాత మార్చిన హబ్బుతో కలిపి, 16,400 అయింది.

తొక్కడం గురించి కూడా అడిగారు. మెట్టుగూడ, సికింద్రాబాద్, ప్యారడైజ్ మీదుగా నా దారిలో చాలా దూరం తల మీద మెట్రో బ్లూ లైనే ఉంటుంది. ఎండలో ఆ నీడ పెద్ద సాయం. పొద్దున 7:45కు బయల్దేరితే 35 నిమిషాలు, 9 దాటితే 50. ఎడమ అంచును అంటుకుని పోకండి. ఇసుకా, మ్యాన్‌హోల్ మూతలూ, ఆగిన కార్ల తలుపులూ అన్నీ అక్కడే. అంచుకు ఒక మీటరు లోపలికి, తిన్నగా తొక్కండి. వెనకవాడికి మీరు ఎటు వెళ్తారో తెలుస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ బాగుంది, ఆదివారం వెళ్లండి. కానీ మనలాగా ఊరి మధ్య ఆఫీసుకు పోయేవాళ్లకు అలాంటి దారి ఒక్క కిలోమీటరైనా వేస్తే ఎంత మేలో! ఆ కోరిక నాకు రోజూ ప్యారడైజ్ దగ్గర కలుగుతుంది.

ఫ్రేమ్ చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం, ఒక స్కేలు, కాస్త పురికొస పెట్టుకెళ్లండి. అయస్కాంతం అంటుకుంటే స్టీల్. అల్యూమినియానికి అంటుకోదు, పెయింట్ కింద ఏముందో కంటికి తెలియదు. దారం కట్టి రెండు వైపులా కొలవండి. సీటు పోస్టు కదులుతోందో లేదో తిప్పి చూడండి. హ్యాండిల్ గొట్టం వెనక, కింది గొట్టం మొదలయ్యే చోట వేలు పెట్టి రాయండి. అక్కడ పెయింట్ ముడతపడి ఉంటే బండి ఎప్పుడో ఎదురుగా దేన్నో గుద్దిందని అర్థం. ఆ ఫ్రేమ్ వదిలేసి ఇంకోటి చూడండి. కొలతలు తీసుకున్నాక ఇక్కడ రాయండి, ఏ హబ్బు సరిపోతుందో చెబుతాను.