ఇంట్లో రికార్డ్ చేసిన రాక్ డెమో అంతా ముద్దగా వినిపిస్తోంది, ఏ ప్లగిన్లు కొనాలి?

నలుగురు సభ్యులు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బెడ్‌రూమ్, రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకుల్ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), ఒక ల్యాప్‌టాప్. నాలుగు పాటలు రికార్డ్ చేశారు, వింటే అంతా ముద్దగా ఉంది, మిక్సింగ్‌కి (ట్రాకులన్నీ కలిపి సరిచేయడానికి) ఏ ప్లగిన్లు (సౌండ్‌ని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) కొనాలని అడిగారు. ఏవీ కొనకండి. ఆ డబ్బుతో స్నేర్ డ్రమ్‌కి కొత్త హెడ్ (పై పొర) వేయించండి, మిగిలితే నలుగురూ బిర్యానీ తినండి.

ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి చెబుతున్నా. మల్కాజిగిరిలో మా మేడ మీద పదడుగులకు పదడుగుల గది ఉండేది. అందులో రికార్డ్ చేసి, ఆ ముద్దను మూడు నెలలు మిక్సింగ్‌తో విడదీయాలని చూశాను. చివరికి విసుగొచ్చి మొత్తం తీసేసి రెండు ఆదివారాల్లో మళ్లీ రికార్డ్ చేస్తే, మిక్సింగ్ నాలుగు సాయంత్రాల్లో అయిపోయింది.

ముద్ద ఎక్కణ్నుంచి వస్తుందో ముందు చూడండి. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. పదడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గరి శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటూ నిలబడిపోతుంది. గది చదరంగా ఉంటే రెండో జత గోడలూ అదే పని చేస్తాయి. పైకప్పు కూడా పదడుగుల ఎత్తే అయితే ఇక చెప్పక్కర్లేదు. బాస్ గిటార్ మీద ఓపెన్ ఎ తీగ ఎంతో తెలుసా? 55 హెర్ట్జ్. మా పాటలు రెండు ఎ శ్రుతిలోనే ఉన్నాయి. మావాడు ఆ తీగ మీటినప్పుడల్లా కిటికీ అద్దాలు గుయ్యిమనేవి, మేమేమో "అబ్బ, ఏం బాస్‌రా!" అని మురిసిపోయేవాళ్లం.

గది నన్ను రెండుసార్లు మోసం చేసింది. మొదటిది రికార్డింగ్‌లో. రెండోది మిక్సింగ్‌లో, ఎందుకంటే స్పీకర్లు పెట్టుకున్నదీ ఆ గదిలోనే. బాస్ ఎక్కువగా ఉందనుకుని 55 దగ్గర బాగా కోసేశాను. మర్నాడు స్నేహితుడి కారులో వింటే అసలు బాస్ ఉందా అనిపించింది.

కోడిగుడ్ల ట్రేలు అతికించాలనే ఆలోచన ఉంటే మానుకోండి. మేం గోడంతా అతికించాం. చూడ్డానికి స్టూడియోలా ఉంది, బాస్ లాంటి కింది స్థాయి శబ్దానికి పూచికపుల్లంత అడ్డు కూడా కాలేదు. బయటికి పోయే శబ్దమూ తగ్గలేదు. "సార్, కింద ముసలాయనకు నిద్ర పడ్తలేదంట" అని వాచ్‌మన్ రానే వచ్చాడు. పనికొచ్చినవి రెండు దూది పరుపులు, చుట్టి మూలల్లో నిలబెట్టాం. అమ్మమ్మ కుట్టిన బొంతలు డ్రమ్స్ వెనక గోడకు కట్టాం. బొంత పై స్థాయి శబ్దాల గలగలను తగ్గిస్తుంది, అంతే. కింది శబ్దానికి మందం కావాలి. ఇవన్నీ చేసినా 55 పూర్తిగా పోదు. అందుకే బాస్‌ని ఆంప్ లేకుండా నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి, ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి తీసుకున్నాం. గది గొడవే లేదు.

డ్రమ్స్ సంగతి. రెండే ఇన్‌పుట్లు కాబట్టి రెండే మైకులు, దానికి బాధపడకండి. ఒకటి కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ముందు. రెండోది డ్రమ్మర్ తల కంటే కొంచెం పైన, కుడి భుజం వైపు నుంచి స్నేర్‌ని చూస్తూ. ఈ రెండింటికీ కిక్ శబ్దం ఒకేసారి చేరదు, మీటరు తేడాకి దాదాపు 3 మిల్లీసెకన్ల ఆలస్యం. దానివల్ల రెండు ట్రాకులు కలిపినప్పుడు ఒకదాన్ని ఒకటి తినేయొచ్చు. ఒక ట్రాక్ మీద ఫేజ్ బటన్ (శబ్దపు అలని తలకిందులు చేసేది) నొక్కి చూడండి, కిక్ ఎటు దిట్టంగా వినిపిస్తే అటే ఉంచండి. ఇంకా బక్కగానే ఉంటే పై మైకుని జానెడు జరిపి మళ్లీ చూడండి. మేం ఒక ఆదివారం పొద్దున్నంతా ఇదే చేశాం, ఒక్క పాట కూడా రికార్డ్ చేయలేదు. మా డ్రమ్మర్ అలిగి టీకి వెళ్లిపోయాడు. కానీ ఆ పొద్దున్నే మా డెమోని నిలబెట్టింది.

వరస ఇలా పెట్టుకోండి: క్లిక్‌తో (లయ చూపే టిక్ టిక్) పాటు ఊరికే గుర్తుకోసం గిటార్, గొంతు, దాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ డ్రమ్స్, తర్వాత బాస్, గిటార్లు, చివర గొంతు. 24 బిట్‌లో, పెద్ద దెబ్బలు కూడా మీటర్ మీద మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూస్తే చాలు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌గా రీపర్ వాడండి, 60 రోజులు ఉచితంగా చూసుకోవచ్చు. ఫ్యాన్ ఆపాలి కాబట్టి ఈ పని మే నెలలో పెట్టుకోకండి. మేం జనవరిలో చేశాం.

గుర్రుమనే హమ్ ఉంటే అది మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్లు 100, 150. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు అక్కడే పోతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్, పాత ట్యూబ్‌లైట్ చోక్ కూడా ఆపండి. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: హమ్ పోతుందని ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ తీసేయొద్దు. మా ఇంట్లో ఎర్త్ పనిచేయక, గిటార్ పట్టుకున్నవాడి పెదవి మైక్‌కి తగలగానే చురుక్కుమంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే, ఎర్త్ గుంత ఎండిపోయి రాయిలా ఉంది. నీళ్లు, ఉప్పు, బొగ్గు పోసి వైరు కొత్తది వేశాక షాకూ పోయింది, హమ్మూ చాలావరకు పోయింది. షాక్ తిన్న మనవాడు నవ్వి ఊరుకున్నాడు గానీ, అది నవ్వాల్సిన విషయం కాదు.

గిటార్‌కి షూర్ ఎస్ఎం 57 లాంటి మామూలు డైనమిక్ మైక్ చాలు. ఆంప్ గుడ్డకి వేలెడు దూరంలో పెట్టి, స్పీకర్ మధ్య నుంచి అంచు వైపు జరుపుతూ వినండి, అంచుకి వెళ్లేకొద్దీ పదును తగ్గుతుంది. డిస్టార్షన్ మీరు స్టేజి మీద పెట్టుకునే దానిలో సగం పెట్టండి. మీ ముద్దలో పెద్ద వాటా దీనిదే అని నా అనుమానం. అదే రిఫ్‌ని రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి వేయండి. ఒకే ట్రాక్‌ని కాపీ చేసి రెండు వైపులా పెడితే వెడల్పు రాదు, మధ్యలోనే సౌండ్ పెరుగుతుంది.

గొంతుకి అందరూ కండెన్సర్ మైక్ (చిన్న శబ్దాల్నీ పట్టేది, 48 వోల్ట్ల కరెంటుతో నడిచేది) కొనమంటారు. మన ఇళ్లలో నేను వద్దంటాను. ఇంటర్‌ఫేస్ మీద ఆ 48 వోల్ట్ల బటన్ నొక్కగానే పావురాలు, పక్కింటి కుక్కర్ విజిల్, బోరు మోటార్ అన్నీ పాటలో కోరస్ పాడతాయి. డైనమిక్ మైక్‌ని దగ్గరగా పెట్టుకుని, పాడేవాడి వెనక పరుపు నిలబెట్టండి. (ఇంత చేసినా మా మూడో పాటలో రైలు కూత ఒకటి మిగిలింది. శ్రుతిలోనే ఉంది, ఉంచేశాం.)

తెలుగులో పాడుతున్నారా? అయితే ఒక ఇబ్బంది ఉంది, ఇంగ్లిష్ పాఠాల్లో ఇది దొరకదు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. పాడేవాడి ఊపిరి అక్కడే అయిపోతుంది, సరిగ్గా అక్కడే గిటార్ మింగేస్తుంది. "వెళ్లిపోతాను" అని పాడితే "వెళ్లిపోతా" వరకే వినిపిస్తుంది. నాన్నకి వినిపిస్తే "పాట మంచిగనే ఉంది గానీ మాటలేవిరా?" అన్నారు. అప్పుడు కూర్చుని ప్రతి వాక్యం చివరి అక్షరాన్ని వాల్యూమ్ గీత పట్టుకుని రెండు మూడు డెసిబెల్స్ పైకి లాగాను. మొత్తం మిక్సింగ్‌లో అన్నిటికంటే విసుగైన పని, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన పని కూడా. నాన్న తర్వాత వినలేదు, అది వేరే సంగతి.

మిగతా మిక్సింగ్ తక్కువే. అన్ని ట్రాకుల వాల్యూమ్ కిందికి దించి, మోనోలో (ఎడమ, కుడి ఒకటిగా కలిపి), మాట్లాడుకుంటే వినబడేంత చిన్న సౌండ్‌లో, డ్రమ్స్, గొంతు ముందు కుదర్చండి. గిటార్లలో 100 హెర్ట్జ్ కింద అంతా కోసేయండి, అక్కడ బాస్‌కి, కిక్‌కి చోటు కావాలి. ఇంకా ముద్దగా ఉంటే 250 నుంచి 400 మధ్య గిటార్లని కొంచెం తగ్గించండి. ఫోన్ స్పీకర్‌లో బాస్ మాయమవుతుంది, అంత కింది శబ్దాన్ని అది పలికించలేదు. బాస్ ట్రాక్‌కి లేశం డిస్టార్షన్ కలిపితే పై స్వరాలు పుట్టి ఫోన్‌లోనూ తెలుస్తుంది. చివర్లో లిమిటర్‌తో (పెద్ద శబ్దాల్ని అణిచి మొత్తం సౌండ్ పెంచే ప్లగిన్) గట్టిగా నొక్కేయకండి, స్పాటిఫై ఎలాగూ మైనస్ 14 లఫ్స్ (వినిపించే సౌండ్‌కి కొలత) దగ్గరికి దించేస్తుంది. ఇవన్నీ రీపర్‌తో వచ్చే ప్లగిన్లతోనే చేశాను.

ముందు ఒక్క పాట డ్రమ్స్ మళ్లీ తీసి, ఏమీ కలపకుండా ఆ రెండు ట్రాకులే ఇక్కడ పెట్టండి, వింటాను. మీ గది కొలతలు కూడా రాయండి, ఎత్తుతో సహా.