గుంటూరులో ఎడ్లబండి ఎవరికి కావాలి?

మీ ప్రశ్న: "విజయవాడలో పల్లెటూరి థీమ్‌తో పెట్టిన మా రెస్టారెంటు బాగా నడుస్తోంది. అదే నమూనాలో గుంటూరులో రెండో శాఖ తెరవాలనుకుంటున్నాం. నడుస్తుందా?"

నడవదు. రెస్టారెంటు నడవచ్చు, నమూనా మాత్రం నడవదు. నేను వంటవాణ్ణీ కాదు, పెట్టుబడి పెట్టేవాణ్ణీ కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని హోటళ్లకు లెక్కలు రాస్తుంటాను. బిల్లులు చూస్తే వంట రుచి తెలియకపోవచ్చు గానీ, తిన్నవాళ్లు మళ్లీ వస్తున్నారో లేదో తెలిసిపోతుంది.

అచ్చం మీలాంటి పెద్దమనిషే ఒకాయన నా దగ్గర లెక్కలు రాయించుకునేవారు. మొగల్రాజపురంలో హోటలు. పైన తాటాకు, లోపల లాంతర్లు, నులక మంచాలు, మూలన ఒక తిరగలి, ముందు ఎడ్లబండి. చుట్టుపక్కల అపార్టుమెంట్ల పిల్లలకు అదంతా వింత. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు ఆ బండి దగ్గర ఫొటోలు దిగనిదే లోపలికి వచ్చేవారు కాదు. ఆదాయం నిజంగానే బాగుండేది. దాంతో ఆయనకు గుంటూరు మీద మనసు పడింది. లక్ష్మీపురంలో స్థలం తీసుకుని, అదే కాంట్రాక్టరును పిలిపించి, గిలకబావితో సహా అన్నీ అలాగే దింపారు.

తెరిచాక వచ్చిన మొదటి ఆదివారం బిల్లింగు కంప్యూటరు సంగతి చూడటానికి నేనూ వెళ్లాను. మధ్యాహ్నం సత్తెనపల్లి వైపు నుంచి ఒక కుటుంబం దిగింది. పెళ్లి బట్టలు కొనడానికి వచ్చారట, చేతుల నిండా సంచులు. సర్వరు కుర్రవాడు మర్యాదగా నులక మంచాలు చూపించి కూర్చోమన్నాడు. వాళ్లలో పెద్దావిడ మంచం వంక చూసి, "మంచం మీద కూర్చుని అన్నం తినడమేమిటి నాయనా! నేనేమైనా జబ్బు మనిషినా?" అంది. కుర్చీలు లేవా అని అడిగితే ఆ కుర్రవాడు నేర్పిన పాఠం అప్పజెప్పాడు: "ఇది థీమ్ అండీ." ఆవిడకు మోకాళ్ల నొప్పులు. పీట మీద కూర్చోలేదు, మంచం మీద తినదు. అలా నిలబడే ఉంది.

ఈలోగా ఆవిడ భర్త బయటే బండి చుట్టూ తిరుగుతున్నారు. మా యజమాని సంబరపడి దగ్గరికి వెళ్లారు, మెచ్చుకుంటారని. ఆ పెద్దాయన చక్రం పట్టుకుని ఊపి చూసి, "ఇరుసుకు చీల లేదేమయ్యా? పిల్లలు ఎక్కి ఊగుతున్నారు. చక్రం ఊడితే ఎవరిది పూచీ?" అన్నారు. బండిని అలంకరించిన కాంట్రాక్టరు చక్రానికి రంగులు వేశాడు, పూలు గీశాడు, చీల మాత్రం పెట్టలేదు. ఎంతకు కొన్నారని కూడా అడిగి, ధర విన్నాక ఆ పెద్దాయన నవ్విన నవ్వు చూడాలి. "ట్రాక్టరు కొన్నాక మా బండి పెరట్లో పడేశాం. ముందే తెలిస్తే మీకే తోలుకొచ్చేవాణ్ణి." అప్పటికే కోడలు వచ్చి, "మామయ్యా, ఇక్కడ ఏసీ లేదట, పదండి" అంది. అందరూ ఎదురుగా ఉన్న ఏసీ హోటలుకు వెళ్లిపోయారు.

"పల్లెటూరివాళ్లకు థీమ్ అర్థం కాదండీ" అన్నారు మా యజమాని. పూర్తిగా అర్థమైంది కాబట్టే వెళ్లిపోయారని నేనన్నాను. ఆ రోజు ఆయన నాతో మళ్లీ మాట్లాడలేదు.

ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. మనిషి తనకు దూరమైపోయినదాన్ని చూడటానికే డబ్బు ఇస్తాడు. మొగల్రాజపురం పిల్లవాడికి ఎడ్లబండి వింత. గుంటూరులో హోటలుకు వచ్చేవాళ్లలో సగం మంది మిర్చి యార్డుకు బస్తాలు తెచ్చినవాళ్లు, ఆసుపత్రికి రోగిని తీసుకొచ్చినవాళ్లు, బట్టలకో బంగారానికో వచ్చినవాళ్లు. పొద్దున లేస్తే చూసే తాటాకును చూడటానికి ఇంత దూరం వస్తారా? వాళ్లకు కావలసింది చల్లటి గది, మెత్తటి కుర్చీ, ఆలస్యం లేని భోజనం. రెండు ఊళ్ల మధ్య దూరం ముప్పై అయిదు కిలోమీటర్లే కదా అనుకోకండి. మిరపకాయల థీమ్ పెడదామని కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు, వినకండి. యార్డులో పొద్దుటి నుంచి ఘాటుకు తుమ్మి తుమ్మి వచ్చినవాడికి గోడ నిండా మిరపకాయల దండలు చూపిస్తారా?

ఇక అసలు లెక్కకు వస్తాను. దీని గురించి థీమ్ కాంట్రాక్టర్లు ఒక్క ముక్క కూడా చెప్పరు. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంటు బిల్లు మీద జీఎస్టీ 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా. అంటే మీరు కొన్న వాటి మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. అలంకరణ కాంట్రాక్టుకు 18 శాతం పన్ను. నలభై లక్షల పని చేయించారనుకోండి, ఏడు లక్షల ఇరవై వేలు పన్ను కిందే పోతుంది. బట్టల దుకాణం వాడైతే దీంట్లో కొంతైనా సర్దుబాటు చేసుకుంటాడు, మీకు ఆ వీలు లేదు. అద్దె మీద కూడా 18 శాతమే. ఇంటి యజమానికి జీఎస్టీ నమోదు లేకపోతే బతికిపోయామని సంబరపడతారేమో, 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను కూడా అద్దెకున్నవారే ఎదురు కట్టాలి. ప్రతి తాటాకు మీద మీరు పన్ను కడుతున్నారు, వానాకాలం వచ్చేసరికి దాన్ని చెదలు తింటున్నాయి.

పైగా ఇప్పుడు పార్శిళ్ల కాలం. ఫోనులో ఆర్డరు పెట్టేవాడికి మీ లాంతరు వెలుగు వెళ్లదు, డబ్బాలో పులుసు ఒక్కటే వెళుతుంది. ఆ పులుసు కారిపోకుండా ఉంటే అదే గొప్ప. అలంకరణకు లక్షలు పోసి, మూత సరిగా పట్టని డబ్బాలు కొనేవాళ్లను చాలా మందిని చూశాను.

మెనూల సంగతి కూడా చెప్పనివ్వండి, ఎప్పటి నుంచో కడుపులో ఉంది. కృష్ణా జిల్లా పల్లె అని బోర్డు పెట్టి లోపల అరకు బొంగు చికెన్, రాయలసీమ రాగి సంకటి, దాని కింద పన్నీర్ టిక్కా. ఇది ఏ పల్లె? అత్తగారి వేపుడు, బావగారి పులుసు అని పేర్లు. లోపల ఏముందని అడిగితే సర్వరుకు తెలియదు, వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వస్తాడు. ఈలోగా పక్క బల్ల వాళ్లు లేచి వెళ్లిపోతారు.

మనవాళ్లే ఇలా అని కాదు. ప్లానెట్ హాలీవుడ్ అని సినిమా థీమ్ రెస్టారెంటు ఒకటి 1991లో న్యూయార్కులో మొదలైంది. స్టాలోన్, ష్వార్జ్‌నెగ్గర్, బ్రూస్ విల్లిస్ లాంటి తారలు వెనక ఉన్నారు, గోడల నిండా సినిమాల్లో వాడిన వస్తువులు. దేశదేశాల్లో శాఖలు తెరిచారు. 1999కల్లా దివాలా రక్షణ కోసం కోర్టుకు వెళ్లారు. అంత పెద్ద తారల వస్తువులే జనాన్ని రెండోసారి రప్పించలేకపోయాయి, మన తిరగలి రప్పిస్తుందా? మన విజయవాడ గాంధీనగర్ బాబాయ్ హోటల్ చూడండి. స్వాతంత్ర్యానికి ముందు నుంచి ఉంది, ఇడ్లీ మీద వెన్న తప్ప వేరే అలంకరణ లేదు. జనం నిలబడి మరీ తింటారు.

ఆ లక్ష్మీపురం హోటలు ఇప్పటికీ ఉంది. తాటాకు తీసేసి మామూలు సీలింగు, ఏసీలు పెట్టారు. మంచాల స్థానంలో కుర్చీలు వచ్చాయి. ఎడ్లబండిని పెళ్లిళ్లకు మండపాలు వేసేవాడు కొనుక్కుపోయాడు. నాటుకోడి పులుసు మాత్రం మొదటి నుంచీ చేసిన మాస్టరే చేస్తున్నాడు, ఆదివారం చోటు దొరకదు.

కాబట్టి మీ శాఖకు విజయవాడ నుంచి తీసుకెళ్లాల్సింది మాస్టరును, ఆయన చేతి కింద ఎదిగిన ఇద్దరు కుర్రవాళ్లను, సరుకులు కొనే పద్ధతిని. అలంకరణ డబ్బు వంటగదికి, బండ్లు నిలిపే చోటుకు పెట్టండి. అరండల్‌పేట, బ్రాడీపేట సందుల్లో కారు ఆపే చోటు లేకపోతే ఎంత బాగా వండినా కుటుంబాలు రావు. స్థలానికి అడ్వాన్సు ఇచ్చే ముందు పై అంతస్తులో ఎవరుంటున్నారో చూసుకోండి. ఇంటి యజమానే ఉంటుంటే పొగగొట్టం ఏ వైపు నుంచి పైకి పోవాలో ఒప్పందంలోనే రాయించుకోండి. పోపు ఘాటుకు వాళ్లావిడ దగ్గడం మొదలుపెట్టాక ఎవరూ సంతకం చేయరు.