మాంచెస్టర్‌లోని ‘బ్యాండ్ ఆన్ ది వాల్’ అనే సంగీత క్లబ్‌కు ఆ పేరెలా వచ్చింది? మద్యం తాగనివారు ఒంటరిగా వెళ్ళవచ్చునా?

చదువుకునే రోజుల్లో మాంచెస్టర్‌లో ఉండి అక్కడికి చాలాసార్లు వెళ్ళాను కనుక, మీ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగలను.

నార్తర్న్ క్వార్టర్ అనే ప్రాంతంలో స్వాన్ స్ట్రీట్ మీద ఉన్న ఈ భవనం మొదట ‘జార్జ్ అండ్ డ్రాగన్’ అనే పబ్. దగ్గరలోనే స్మిత్‌ఫీల్డ్ టోకు మార్కెట్ ఉండేది. 1930లలో పబ్ నడిపిన ఎర్నీ టైసన్ వాద్యకారుల కోసం వెనక గోడకు బాగా ఎత్తున ఒక చిన్న వేదిక కట్టించాడు. జనం తలెత్తి చూసిన ఆ బృందం వల్ల ‘గోడ మీది బృందం’ అనే అర్థంలో పుట్టిన వాడుక పేరే, జాజ్ వాద్యకారుడు స్టీవ్ మోరిస్ దీన్ని 1975లో జాజ్ క్లబ్‌గా తెరిచినప్పుడు అసలు పేరుగా స్థిరపడింది. ఆ దశాబ్దం చివరలో బజ్‌కాక్స్, జాయ్ డివిజన్, ది ఫాల్ వంటి బృందాలు ఇక్కడ వాయించాయి. 2005లో మూతపడి, మరమ్మతుల తర్వాత 2009లో మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడు నడుపుతున్నది ఇన్నర్ సిటీ మ్యూజిక్ అనే స్వచ్ఛంద సంస్థ. అమ్మకాల కంటే సంగీతానికి ముందుచోటు దొరకడానికి అదొక ముఖ్యకారణమని నా నమ్మకం.

ఇప్పుడు వేదిక గోడ మీద లేదు, జనానికి ఎదురుగానే ఉంటుంది. మొదటిసారి నేను విన్నది ఒక పశ్చిమాఫ్రికా బృందాన్ని. కోరా అనే వాద్యం తంతుల మీద వాద్యకారుడి రెండు బొటనవేళ్ళు కదలడమే కాక, పాట ఎత్తుకునే ముందు గాయని ఊపిరి తీసుకోవడం కూడా నాకు తెలిసింది. చిన్నప్పుడు మా ఊరి శ్రీరామనవమి పందిట్లో నాదస్వరం పక్కనే కూర్చుని విన్నప్పటి పులకింత, అంత దూరదేశంలో, అసలు పరిచయం లేని భాషలో మళ్ళీ కలిగింది. పెద్ద అరీనాలలో తెర మీద చూసే కచేరీ నాకు ఎన్నడూ ఆ అనుభూతి ఇవ్వలేదు.

మద్యం గురించి సంకోచించకండి. బార్ ఉన్నా, నేను ప్రతిసారీ సోడాతోనే గడిపాను, ఎవరూ పట్టించుకోలేదు. ఒంటరిగా వచ్చేవారు చాలామందే కనిపిస్తారు. ఎక్కువ కచేరీలు నిలబడి వినేవే కనుక, కూర్చోవలసిన అవసరం ఉంటే టికెట్ కొనేటప్పుడే అడగండి. షూడ్‌హిల్ ట్రామ్ స్టాప్ నుంచి కొద్ది నిమిషాల నడక. తలుపులు తెరిచే వేళకే వెళ్ళి, శబ్దం సరిచేసే మిక్సర్ బల్లకు కాస్త ముందుగా నిలబడితే అన్ని వాద్యాలూ సమంగా వినిపిస్తాయి.