వామతో గతిః: ఎడమ నుంచా, ఎడమకా?

సందేహం: “ఒక సేటు ‘ఖబాణరవి’ రూపాయలకు చీర కొని, ‘రసగుణ’ రూపాయలు కిరాయి పెట్టి, ‘ఖఖతిథి’కి అమ్మితే ఫాయిదా ఎంత?” ఇదొక పొడుపులెక్క, అంకెలకు బదులు మాటలు పెట్టినది. ‘అంకానాం వామతో గతిః’ కదా అని ఎడమ నుంచి చదివితే, 512కు కొన్న చీర 15కు అమ్మినట్లు వస్తోంది. ఈ కోడ్ నంబర్లలో తప్పెక్కడ?
– ఒక ఉపాధ్యాయురాలు, గద్వాల

సమాధానం: గద్వాలలో పదిహేను రూపాయలకు చీర! ఆ దుకాణమేదో తెలిస్తే మా ఇంటావిడ ఈ పూటే బస్సెక్కుతుంది.

తప్పు లెక్కలో లేదమ్మా, ‘తః’లో ఉంది. అది ఎప్పుడూ ‘నుంచి’ కాదు. అగ్రతః అంటే ముందు, పృష్ఠతః అంటే వెనక. అలాగే వామతో గతిః అంటే అంకెల నడక ఎడమవైపుకు అని. మొదటి మాట ఒకట్ల స్థానం. ఖం ఆకాశం, కాబట్టి సున్న వేయండి. దానికి ఎడమన మన్మథబాణాలు ఐదు. ఇంకా ఎడమన ద్వాదశాదిత్యులు. 1250 అయింది. తిథులు పదిహేను గనుక అమ్మిన వెల 1500.

వామ శబ్దమే తిరకాసుది. ఎడమ, ప్రతికూలం, అందం మూడూ దాని అర్థాలే. వామలోచన అంటే చక్కని కన్నులది. ‘ఎడమకంటిది’ అని వివరించిన ఒక ఉపన్యాసకుణ్ని పాలమూరులో చెవులారా విన్నాను. సభలో ఒక్కరూ నవ్వలేదు, అదీ నా బాధ. వామపక్షం నిన్నమొన్నటి మాట, దాని జోలికి పోను.

‘కోడ్ నంబర్లు’ ఏమిటండీ? భూతసంఖ్యలనే పేరుండగా! భూతమంటే దయ్యం కాదు, లోకంలో ఉన్న వస్తువు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం మొదట్లోనే ఈ పేర్లన్నీ వరసపెట్టాడు. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మన పావులూరి మల్లన. పద్యంలో ‘రవి’ ఇమడకపోతే ‘అర్క’, అదీ కాకపోతే ‘భాను’. ఛందస్సూ చెడదు, లెక్కా చెడదు. ఆ వెసులుబాటు 12 అనే అంకెకు ఎక్కడిది?

కిరాయి కలపకపోతే లాభం 250, నూటికి ఇరవై. కలిపితేనే చిక్కు. గుణాలు మూడు, సరే. రసాలు షడ్రుచులైతే 36 పోయి 214 మిగులుతుంది; నవరసాలైతే 39 పోయి 211. గణితగ్రంథాల వాడుకలో రసం ఆరే, నా మొగ్గూ అటే. లెక్క కట్టినవారు నాటకాల పిచ్చివారైతే మాత్రం ఆ మూడు రూపాయలకు నేను పూచీ పడలేను.